ఇంకా ఊపిరుంది

పొద్దుటి మీటింగుకి ఖాళీ బుర్రతో వెళ్ళడమంత నరకం మా పత్రికాఫీసులో ఇంకోటి లేదు. పొడవాటి బల్ల చుట్టూ రిపోర్టర్లందరం కూర్చుంటాం. చీఫ్ ఒక్కొక్కరి వైపూ గడ్డం ఎగరేస్తాడు. వెంటనే ఒక వార్త ఐడియా చెప్పాలి. నచ్చకపోతే, "దీన్ని మీ ఇంట్లోవాళ్ళయినా చదువుతారా?" అంటాడు. మా ఇంట్లోవాళ్ళు నేను రాసినవి ఎలాగూ చదవరు, అది వేరే సంగతి.

పోయిన వారం మూత లేని మ్యాన్‌హోల్ గురించి చెప్పాను. ఆ వీధిలో ఉండే ముసలాయన రోజూ ఫోన్ చేసి నా ప్రాణం తీసేవాడు. "పిల్లలు తిరిగే దారి తల్లీ, ఒక్క ముక్క రాయి." ఫొటో కోసం ఒకసారి వెళ్ళొచ్చాను కూడా. చీఫ్ ఫొటో వైపు చూడనైనా లేదు.

"ఎవరైనా పడ్డారా?"

"ఇంకా లేదు సార్."

"పడ్డాక చూద్దాంలే."

ఆ మాటే ముసలాయనకి అప్పజెప్పాను. పైగా నవ్వుతూ. "ఎవరైనా పడితే ఫోన్ చెయ్యి తాతా."

నిన్న రాత్రంతా వాన. తెల్లారినా చీకటి వదల్లేదు. ఆఫీసునిండా తడి గొడుగుల వాసన. మీటింగుకి పిలుపొచ్చింది, నా దగ్గర ఒక్క ఐడియా లేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"పడ్డారు తల్లీ." ముసలాయన గొంతు ఎక్కడో లోతులోంచి వస్తోంది. వెనక నీళ్ళ చప్పుడు. "ఇంకా ఊపిరుంది. తొందరగా రా."

లైను తెగిపోయింది.

నేను వెంటనే ఫైరింజను వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదు. నాకు సంతోషమేసింది. దాచడమెందుకు, గుండె గంతులేసింది. వెళ్ళి బల్ల దగ్గర కూర్చుని, నా వంతు వచ్చేదాకా ఆగి మరీ చెప్పాను. చీఫ్ మొదటిసారి నన్ను చూసి నవ్వాడు. "ఫస్ట్ పేజీ. పరిగెత్తు."

నేను చేరేసరికి మున్సిపాలిటీ కూలీలు శవాన్ని తీసి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. ముసలాయనే. ఆగకుండా ఫోన్ చేసుంటే బతికేవాడేమో.

"ఎప్పుడు పోయాడు?" అని మేస్త్రీని అడిగాను.

"రాత్రేనమ్మా. ఒళ్ళు కొయ్యబారిపోయింది, చూడండి."

రాత్రే పోయాడు. మరి పొద్దున మాట్లాడింది... ఒళ్ళు జలదరించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, హమ్మయ్య అని కూడా అనిపించింది. దెయ్యమైతే నా తప్పేం లేదు. దేవుడా, అది దెయ్యమే అయ్యుండాలి అని దణ్ణం పెట్టుకున్నాను.

శవాన్ని తీసుకుపోయారు. గోదాం నుంచి కొత్త ఇనప మూత తెచ్చి బిగించారు. జనం పల్చబడ్డారు. వాన మళ్ళీ మొదలైంది. కుళ్ళు నీళ్ళ వాసన ముక్కుకి అంటుకుపోయింది.

ఫోను మోగింది.

అదే నంబరు.

"తాతా..."

"నన్నెందుకు తీశారు తల్లీ?" గుసగుసలాడాడు. "ఊపిరున్నది నాకు కాదు. నీళ్ళలో మునగకుండా ఇంతసేపూ నేనే ఎత్తి పట్టుకున్నాను..."

"తియ్యండి! మూత తియ్యండి!" గొంతు చించుకుని అరిచాను.

మేస్త్రీ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అయినా గునపం వేసి ఎత్తాడు. టార్చి వేశాడు. నల్లటి నీళ్ళు... అంతే. ఒక కూలీ దిగి చాలాసేపు వెతికాడు. ఎవరూ లేరు. చుట్టుపక్కల ఇళ్ళన్నిటా అడిగాం. ఎవరి పిల్లలు వాళ్ళ దగ్గరే ఉన్నారు.

"చూశారుగా, ఏం లేదు," అంటూ మేస్త్రీ మూత వెయ్యబోయాడు. సగంలో ఆగిపోయాడు. దాన్ని నావైపు తిప్పాడు.

ఇందాకే బిగించిన కొత్త మూత. లోపలివైపంతా బురద చేతుల ముద్రలు, ఒకదానిమీద ఒకటి. అన్నీ పసి చేతులవే.