ఆకలి వినే గది

పొద్దు బాగా ఎక్కినా పూడిమడక రేవులో పడవలు ఒడ్డునే ఉన్నాయి. వేకువచుక్క పొడవకముందే వేటకు పరుగెత్తే రోజులు పోయాయి. కత్తిచేపకు ఎప్పుడు ఆకలేస్తుందో ‘మేతవాణి’ యంత్రం చెబుతుంది. అప్పుడు బయలుదేరితే చాలు.

ఈ సముద్రంలోని పెద్ద కత్తిచేపల కడుపుల్లో చింతగింజంత జఠరమాపకాలున్నాయి. మేత పడితే కడుపులో పులుపు తగ్గుతుంది, అరిగాక పెరుగుతుంది. ఆ తేడా ఒడ్డున ఉన్న మేతవాణి గదిలో శబ్దమై వినిపిస్తుంది. తింటే జల్లు, ఖాళీగా ఉంటే సన్నని ఈల. ఆ శబ్దాలు విని పడవలకు కబురు చెప్పడమే కొర్లమ్మ ఉద్యోగం.

వాటిలో ఒక ముసలి చేపను ఆమె పెళ్ళయిన ఏడాది నుంచీ వింటోంది. పగలంతా అది వెలుగు చొరని లోతులో ఉంటుంది. మునిమాపున స్క్విడ్లనే మెత్తని పదికాళ్ళ జీవులు పైకి లేస్తే వాటి వెనకే వస్తుంది. మందలోకి దూరి ముక్కుకత్తిని అడ్డంగా ఝాడిస్తుంది, తెగిపడినవాటిని నింపాదిగా ఏరుకు తింటుంది. ఈ ఏడు నీళ్ళు వేడెక్కి స్క్విడ్లు ఎటో పోయాయి. నిన్నటి నుంచి ఈల ఆగలేదు.

పడవలో నుంచి వైర్‌లెస్‌లో ఆమె మొగుడు ఎల్లాజీ పిలిచాడు.

“కొర్లీ, ముసల్దానికి ఆకలేస్తందా? గేలాలు సిద్ధంగున్నాయి.”

ఆకలిగా ఉన్న చేప ఏ ఎర వేసినా మింగుతుంది. అవునంటే సాయంత్రానికి అది ఒడ్డున ఉంటుంది. కొర్లమ్మ మైకు దగ్గరికి లాక్కుంది. ఈల వినిపిస్తూనే ఉంది.

“దాని కడుపు నిండుగుంది మావా. ఎల్లొద్దు.”

అబద్ధమాడిన వెంటనే భీమిలి గదిలో ఇదే పని చేసే నూకరత్నానికి ఫోన్ చేసింది.

“వొదినా, మీ కాడ ఎలగుంది?”

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది.

“మా కాడా అన్నీ కడుపు నిండినవేనమ్మా,” అంది నూకరత్నం గొంతు తగ్గించి.

స్క్విడ్లు లేని సముద్రంలో చేపల కడుపులెలా నిండుతాయో ఇద్దరూ అడగలేదు. మధ్యాహ్నానికి కోస్తా పొడవునా గదులన్నీ అదే కబురు చెప్పాయి. మేతవాణి చేసినవాళ్ళు తుఫానులను లెక్కలోకి తీసుకున్నారు, యంత్రాల తుప్పునూ తీసుకున్నారు. రోజూ ఒక జీవి ఆకలి వినే మనిషికి ఏమవుతుందో మాత్రం ఆలోచించలేదు.

సాయంత్రం ఎల్లాజీ ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. కొర్లమ్మ అన్నం పెట్టి, ఆనపకాయ పులుసు పోసింది. అతను ముద్ద కలిపి ఆగాడు.

“అది తిన్లేదు కదే?”

“లేదు మావా.”

ఆమె తిట్లకు సిద్ధపడింది. అతను ముద్దను కంచంలోనే అటూ ఇటూ జరిపాడు.

“రేపైనా మేత దొరుకుతాదంటావా దానికి?” అని అడిగాడు.