బీదల జాబితాలో అమ్మ

శనివారం పొద్దున్నే కొబ్బరిపాల అన్నం దించి, సెనాహ్ ఎండు నెత్తళ్లు వేయిస్తోంది. ఆమె కొడుకు జుల్కర్నైన్ కౌలాలంపూర్‌లో ఒక ఇస్లామిక్ బ్యాంకులో రెండో పెద్ద అధికారి. వచ్చే నెల మొదటి కుర్చీ కూడా అతనిదేనని అందరూ అనుకుంటున్నారు. పది రోజుల్లో తల్లిని ఉమ్రా యాత్రకు మక్కా పంపిస్తున్నాడు. ఆ మాట ఆమె వీధి వీధంతా చెప్పుకుంది.

ఇంతలో ఫోన్ మోగింది.

"సెనాహ్ బింతి దావూద్ గారేనా? బ్యాంకు నుంచండీ. ఉమ్రాకు వెళ్లే నిరుపేద వితంతువులందరికీ సోమవారం ఫొటో తీస్తాం. బంగారం అదీ పెట్టుకుని రాకండి, బాగుండదు."

"నిరుపేద ఎవరమ్మా?"

"మీరే కదండీ! వాయిదాలు ఆలస్యంగా కట్టినవాళ్ల జరిమానా సొమ్ము బ్యాంకు తినకూడదు. అది బీదలకే ఖర్చు పెడతాం. ఈసారి మీ పేరు వచ్చింది."

నెత్తళ్లు మాడిపోయాయి. ఫలానావారి కూతురని 'బింతి' చేర్చి తండ్రి పేరే పక్కన పెట్టే దేశంలో, ఈమె ఎవరి తల్లో ఆ పిల్లకు తెలిసే దారి లేదు.

సెనాహ్ పొయ్యి ఆర్పి నేరుగా ముందుగదిలో టీ తాగుతున్న కొడుకు దగ్గరికి వెళ్లింది.

"ఒరేయ్ జుల్, నేనెప్పుడురా ముష్టిదాన్నయ్యాను?"

సంగతి విని జుల్కర్నైన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "అందులో తప్పేం లేదమ్మా. నీ పేరున ఆస్తి లేదు, ఆదాయం లేదు. నియమాలకు సరిపోతావు."

"ఇల్లు నీ పేరున రాయించుకుంది ఎవరు? ఆస్తి లేకుండా చేసిందీ నువ్వే, బీదదాన్నని రాసిందీ నువ్వే. ఎంత గొప్ప చదువు చదివావురా!"

కోడలు హస్లిండా అడ్డొచ్చింది. "మక్కా పంపిస్తానని మీకు మాటిచ్చి ఆరేళ్లయిందనే కదా అత్తయ్యా చేశారు. పిల్లల ఫీజులు, రెండు కార్ల వాయిదాలు..."

"రెండు కార్లవాడి తల్లి నిరుపేదా తల్లీ? బయట అనకు, నవ్విపోతారు."

"బ్యాంకు కమిటీలోని మతపెద్దలే సంతకాలు పెట్టారమ్మా," అన్నాడతను.

"నేను నీ తల్లినని వాళ్లకు చెప్పావా?"

జుల్కర్నైన్ టీ గ్లాసును పక్కకు జరిపాడు.

"ఎవరెవరో ఇల్లు పోతుందేమోనని ఏడుస్తూ కట్టిన జరిమానారా అది. ఏ దిక్కూలేని ముసలిదాని చోటు లాక్కుని, కాబా ముందు నిలబడి ఏమని దువా చేయను? నాకు కొడుకు లేడనా?"

"ఇప్పుడు చెబితే నా కుర్చీ పోతుందమ్మా!"

"చెప్పకపోతే నాకు కొడుకు పోతాడు."

అతను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వాకిట్లో రెండు కార్లూ తళతళలాడుతున్నాయి. టీ చల్లారిపోయింది. చాలాసేపటికి ఫోన్ తీశాడు.

"సెనాహ్ బింతి దావూద్ పేరు తీసేయండి. కారణమా?" అని తల్లి వైపు తిరిగాడు. "ఆవిడ మా అమ్మ. కావాలనే దాచాను. కమిటీకి నేనే రాసిస్తాను."

ఫోన్ పెట్టేసి, తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆమె చేతిని ముఖానికి ఆనించుకున్నాడు. "క్షమించమ్మా," అన్నాడు ఏడుస్తూ.

సెనాహ్ చేయి వెనక్కి తీసుకోలేదు. కళ్ల నీళ్లు మాత్రం ఆగలేదు. ఆ ఏడుపు మక్కా తప్పిపోయినందుకు కాదు. ఆవిడ మా అమ్మ అని చెప్పడానికి కన్నకొడుక్కి అంతసేపు పట్టినందుకు.