తిప్పి పంపిన సీసా

రాయబారి గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, బాగుందన్నట్టు తల ఊపాడు. నిమిషంలో ఆ తల ప్లేట్లో పడింది. నోట్లోంచి నురగ, ముక్కులోంచి నెత్తురు.

వైన్‌లో విషం కలిపి చంపే ఆ ముఠా తర్వాతి టార్గెట్ ఎవరో విన్న ఏజెంట్ ముంగిస, ఆ పేరు మళ్లీ చెప్పించుకున్నాడు. ముఠా రహస్య కోడ్‌ను విప్పిన లెక్కల మేధావి. అతని సొంత అక్క.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. ముఠాలో ఉంటూ మనకు సమాచారం అమ్మే డబుల్ ఏజెంట్ మేడమ్, రెస్టారెంట్‌లో లంచ్‌కి వస్తే కొత్త కోడ్ ఇస్తానంది. అది అసలుదో నకిలీదో తేల్చగలిగేది అక్క ఒక్కతే కనుక ఆమె కూడా రావాలట. ముంగిసది వైన్ వ్యాపారి వేషం. బెదిరిపోతుందని విషం సంగతి అక్కకు చెప్పలేదు. అదే పెద్ద పొరపాటు.

వైన్ మర్యాదలు నేర్పే ట్రైనర్ అతని ప్రాణం తోడేశాడు. రుచి చూడమని ముందుగా చుక్క పోసేది నచ్చిందో లేదో చెప్పడానికి కాదు, సీసా చెడిందో లేదో తేల్చడానికట. అనుమానం వస్తే మొహమాటం లేకుండా తిప్పి పంపాలట.

"పాడైందంటే, వైన్ వడ్డించే నిఖార్సయిన స్టీవార్డ్ ఊరుకోడు," అన్నాడు ట్రైనర్. "తనే ఓ చుక్క తాగి చూస్తాడు."

రెస్టారెంట్‌లో మేడమ్ పట్టు గౌనులో ధగధగలాడుతోంది. ముంగిస వైన్ కార్డులో ఒక ధర మీద వేలుపెట్టి, ఈ రేంజ్‌లో రెడ్ వైన్ తెమ్మన్నాడు, తీపి వద్దన్నాడు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తాగుతున్నవాడిలా. స్టీవార్డ్ లేబుల్ చూపించాడు, బిరడా లాగాడు, చుక్క పోశాడు. అంతా పద్ధతిగానే ఉంది. వాసనా కమ్మగానే ఉంది. కానీ మేడమ్ తలనొప్పంటూ తన గ్లాసు మీద అరచెయ్యి మూసింది.

ముంగిస గ్లాసు కింద పెట్టాడు. "పాడైంది. తడిసిన అట్టపెట్టె వాసన. కావాలంటే మీరే చూడండి."

స్టీవార్డ్ మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "వేరే సీసా తెస్తాను సార్."

దొరికాడు దొంగ! ముంగిస కోటు బటన్ నొక్కాడు. బయట వ్యాన్‌లో ఉన్న మనవాళ్లకు సిగ్నల్ వెళ్లింది.

"చాల్లే నీ బడాయి," అంటూ అక్క అతని గ్లాసు అందుకుని పెదవులకు ఆనించబోయింది.

ముంగిస ఆ గ్లాసు మీద లాగి ఒక్కటిచ్చాడు. గ్లాసు గోడకు తగిలి భళ్లుమంది. స్టీవార్డ్ నాప్‌కిన్ కింద నుంచి పిస్టల్ పేలింది, తూటా ముంగిస చెవి కొసను ఎగరగొట్టింది. ముంగిస కార్క్‌స్క్రూ లాక్కుని వాడి అరచేతిని టేబుల్‌కి దిగ్గొట్టాడు. వాడు ఎడంచేత్తో కత్తి తీశాడు. ముంగిస ఆ మణికట్టు విరిచి, అదే కత్తిని వాడి గొంతులో దింపాడు. తెల్ల టేబుల్ గుడ్డ ఎర్రగా తడిసిపోయింది.

ఈలోగా మేడమ్ జడలోంచి విషపు సూది లాగి అక్క మెడకు గురిపెట్టింది. అక్కకు అప్పటికి విషయం అర్థమైంది. ఐస్ బకెట్ ఎత్తి మేడమ్ మొహం పగిలేలా మోదింది. మేడమ్ పళ్లు రెండు ఐసుముక్కలతో పాటు రాలాయి.

మనవాళ్లు వచ్చి మేడమ్‌కు బేడీలు వేశారు. స్టోర్‌రూమ్‌లో కట్టేసి ఉన్న అసలు స్టీవార్డ్‌ను విడిపించుకొచ్చారు. సీసా పాడైందని వినగానే ఆయనకు రోషం ముంచుకొచ్చింది. శవాన్ని కూడా చూడకుండా, తన సెల్లార్‌లో అలాంటివి ఉండవంటూ అదే సీసాలోంచి చుక్క పోసుకుని గ్లాసెత్తాడు.

ముంగిస మళ్లీ లాగి ఒక్కటిచ్చాడు. రెండో గ్లాసూ భళ్లుమంది.

స్టీవార్డ్ తెల్లబోయి చూశాడు. అక్క తన చేతికి అంటిన నెత్తురు తుడుచుకుంటూ సర్దిచెప్పింది.

"ఏమీ అనుకోకండి. గ్లాసులు పగలగొట్టడం వీడికి చిన్నప్పటి నుంచీ అలవాటే."