నాలుగు సాళ్లు

ఆసిఫాబాద్ దగ్గర పత్తి చేను. ఉదయం 10:44.

గట్టు మీద కుర్చీలోనే ఆ చేను దొర కొండల్‌రావు ప్రాణం పోయింది. మందు కొట్టే డ్రోన్ పైనుంచి నెత్తి మీద పడింది.

11:30కి ఎస్.ఐ. మమతారాణి వచ్చింది. ఆమె వెనకే సెల్ టవర్ వాచ్‌మన్ సాంబయ్య వచ్చాడు.

"నేనే సంపిన. రాస్కో మేడం."

"ఎట్ల?"

"10:40కి టవర్ బంద్ చేసిన. సిగ్నల్ లేకుంటె డ్రోన్ పడ్తది గదా."

"ఎందుకు?"

"పోయిన వానకాలం నా పెండ్లాం కనకవ్వను పాము కరిచింది. దవాఖాన మందు తేవాల్సిన డ్రోన్‌ను గీ దొర పత్తికి పెట్టుకుండు. నా కొడుకు కుమార్ ఫోన్ల బతిమిలాడిండు. 'నాలుగు సాళ్లే ఉన్నయ్, ఆగురా' అన్నడు దొర. గంతల దాని పానం పోయింది."

డ్రోన్ నడిపేది కుమారే. ఆసిఫాబాద్ ఆఫీసులో కూర్చుని, తెర మీద చూస్తూ నడుపుతాడు. టవర్ మళ్లీ ఆన్ చేయించి మమతారాణి ఫోన్ చేస్తే ఒకటే మాట.

"సిగ్నల్ పోయింది మేడం. పడిపోయింది."

కేసు అయిపోయిందన్నాడు కానిస్టేబుల్ నాగరాజు.

మమతారాణి చేను చుట్టూ చూసింది. ఒక ఆడమనిషి కలుపు తీస్తోంది. పేరు నవత. కూలి మనిషే కదా అని నాగరాజు ఆమెను ఏమీ అడగనే లేదు.

"ఏం చూసినవ్?"

"అక్కతోని ఫోన్ల మాట్లాడుతున్న. కట్టయింది."

"అప్పుడే డ్రోన్ పడ్డదా?"

"ఏడ పడ్డది! మంచిగనే తిరిగింది. నాలుగు సాళ్లు కొట్టింది. ఎన్కకు మర్లలే. సీదా దొర కుర్చీ మీదికి పోయింది."

సాయంత్రం నాలుగు. స్టేషన్‌లో తండ్రీ కొడుకులు. టేబుల్ మీద డ్రోన్ లాగ్, ఏ క్షణంలో ఏం జరిగిందో ఉన్న కాగితం. మమతారాణి చదివింది.

"10:40:06కి టవర్ పోయింది. 10:40:09కి డ్రోన్ శాటిలైట్ అందుకుంది. టవర్ లేకున్నా అది ఎగురుతది సాంబయ్యా. 10:44:20కి మోటార్ ఆఫ్ కమాండ్ వచ్చింది. కుమార్ ఐడీ నుంచి."

కుమార్ తల దించలేదు.

"టవర్ పోయినట్టు తెర మీద కనబడ్డది. పడిపోయిందంటె నమ్ముతరనుకున్న. బాపు ఆపిండని నాకు తెల్వది."

"వెంటనే ఎందుకు పడెయ్యలే?"

"నాలుగు సాళ్లు ఆగమన్నడు గదా దొర, మేడం. ఆగిన."

సాంబయ్య లాగ్ కాగితం వైపు చూశాడు. చదవడం రాదు.

"అయితె నేను ఆపింది ఉత్తదేనా?"

నాగరాజు బేడీలు తీసి కుమార్‌కు వేశాడు.

సాంబయ్య రెండు చేతులూ ముందుకు చాచాడు.

"నాకు సుత ఎయ్యి. ఆపినప్పుడు నా మనసుల సంపుడే ఉండె."