పెదవి కొరికే గది

ఆ రిహార్సల్ స్టూడియోలో మూడో గది పేరు చెడిపోయి ఎనిమిది నెలలైంది. గిటార్ పట్టుకుని మైక్ ముందు ఎవరు నోరు తెరిచినా పెదవి మీద చురుక్కున కొరుకుతుందట. కనిపించదు, వినిపించదు. ఒక్క కొరుకు… అంతే. కొరికేదెవరో కూడా అందరూ చెప్పేవాళ్లు. ఆ గదిలోనే చచ్చిపోయిన గిటారిస్టు! తాగి చచ్చాడు కదా, దాహం తీరక జనం మూతులు కొరుకుతున్నాడని జోకులు వేసేవాళ్లు.

ఆ జోకులు వేసినవాళ్ల మూతులే పగలగొట్టాలి. ఎందుకో చివరిదాకా వినండి. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఆ గిటారిస్టుకో చెల్లెలుంది. మోటార్లకు వైండింగ్ చుట్టే షాపులో పదకొండేళ్లుగా పని చేస్తోంది. అన్న తాగొచ్చి, తడిచేతులతో స్విచ్‌బోర్డులో వేలు పెట్టాడని స్టూడియో ఓనరు చెప్పిన రోజు నుంచి వాళ్ల నాన్న కొడుకు పేరెత్తడం మానేశాడు. ఫొటోని గోడవైపు తిప్పి పెట్టాడు. అన్న జన్మలో గ్లాసు ముట్టలేదని చెల్లెలు మొత్తుకుంది. వినేదెవరు? ఎంత బురద చల్లినా చచ్చినవాడు కడుక్కోవడానికి లేచి రాడు కదా!

ఒక రాత్రి షాపు కట్టేశాక, అన్న ప్రాసెసర్ తెచ్చుకుందామని స్టూడియోకి వెళ్లింది. చిన్న తెర, కాలితో నొక్కే స్విచ్‌లు ఉన్న పెట్టె అది. గిటార్ శబ్దం అందులోంచి వెళ్లి రకరకాలుగా మారి బయటికొస్తుంది. ఇన్నాళ్లూ ఇవాళా రేపూ అని తిప్పించుకున్న ఓనరు ఇప్పుడు తనే కబురు పెట్టాడు.

"కొత్త పెట్టె కొన్నాలే. మీదాన్ని తీసుకుని వెంటనే వచ్చేయమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "చీకటి పడ్డాక ఆ గది… మంచిది కాదు."

"మంచిది కాని గదిని అద్దెకెందుకిస్తున్నారు ఓనరుగారూ?"

"రేపు పొద్దున్నే కాలేజీ పిల్లలొస్తున్నారు," అన్నాడు.

గోడలకు స్పాంజి, నేల మీద మరకల తివాచీ, రెప్పలార్పే ట్యూబులైటు. మూలన గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్, మైక్ స్టాండు, స్టూడియోవాళ్ల గిటారు. అన్న పెట్టె ఇంకా వాటికే తగిలించి ఉంది. చెల్లెలు ఆన్ చేసింది. గిటార్ మెడలో వేసుకుని ఒక్క తీగ మీటింది.

గది అంచులదాకా సాగాల్సిన ప్రతిధ్వని… ఠక్కున తెగింది. పీక నొక్కినట్టు.

వంగి తెర చూసింది. శబ్దాన్ని మార్చే ఎఫెక్టులు వరసగా డబ్బాల్లా ఉన్నాయి. కంప్రెసర్, డిస్టార్షన్, డిలే, రివర్బ్. అన్నిటికంటే చివర నాయిస్ గేటు, పూర్తిగా పెంచి. గుయ్యిమనే రొదను ఆపే కాపలావాడది. అన్న దాన్ని ఎప్పుడూ రొద పుట్టించే డిస్టార్షన్ పక్కనే పెట్టేవాడు.

"చెల్లీ, దొంగ ఏ గుమ్మంలోంచి వస్తాడో అక్కడే కాపలా పెట్టాలి. వీధి చివర పెడితే ఇంటివాళ్లనే ఆపేస్తాడు," అనేవాడు.

ఇది అన్న పెట్టిన వరస కాదు.

ఆమె ఆ గేటును వరసలోంచి తీసేసింది. అప్పుడు మొదలైంది… మూలుగు. సన్నగా, గొంతులోంచి వచ్చినట్టు. డిస్టార్షన్ తీసేసింది. ఆగలేదు. డిలే తీసేసింది, రివర్బ్ తీసేసింది, కంప్రెసర్ తీసేసింది. తెర ఖాళీ అయింది. మూలుగు మాత్రం అలాగే ఉంది.

మరి మూలుగుతున్నదెవరు?

ఆమెకు ఒళ్లు జలదరించింది. తీగల మీదున్న వేళ్లలో చీమలు పాకుతున్నాయి. మైక్ వైపు వంగింది… "అన్నయ్యా…" అని పిలవబోయింది. పెదవికీ మైక్‌కీ మధ్య జానెడు… బెత్తెడు…

టక్!

మూలుగు ఆగిపోయింది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. నేల మీద ప్రాసెసర్‌లో తీగల శృతి చూపే ట్యూనర్ వెలుగుతోంది. ట్యూనర్ స్విచ్ నొక్కితే శబ్దం బయటికి రాదు. కానీ ఆమె పాదాలు దానికి బారెడు దూరంలో ఉన్నాయి.

శబ్దం ఆగింది గాని, చీమలు ఆగలేదు. ఆ చీమలు ఆమెకు కొత్త కాదు. షాపులో ఎన్నిసార్లు కుట్టలేదు! కాళ్లకు షాపు రబ్బరు బూట్లు ఉండబట్టి సరిపోయింది. గిటార్‌ను బెల్టు పట్టుకుని దించి, జేబులోంచి టెస్టర్ తీసి తీగకు ఆనించింది.

ఎర్రగా వెలిగింది.

అంతే, భయం పోయింది. ఒంట్లో నిప్పు రాజుకుంది.

"ఓనరుగారూ!"

ఆయన గుమ్మం దాకా వచ్చి ఆగాడు. "ఏం… కనిపించాడా?"

"కనిపించాడు. రండి, ఈ గిటార్ పట్టుకుని మైక్‌లో హలో అనండి."

"నాకెందుకమ్మా ఇవన్నీ…"

"ఒక్క హలో! మీ గదే కదా?"

ఆయన గుమ్మానికి అతుక్కుపోయాడు. కళ్లు మైక్ వైపు పోలేదు, గిటార్ వైపు పోలేదు. యాంప్ వెనక ప్లగ్గు వైపు పోయాయి. చెల్లెలు ఆ చూపు వెంటే వెళ్లి, స్విచ్ ఆపి, ప్లగ్గు పీకింది.

మూడు పిన్నుల ప్లగ్గు. ఉన్నవి రెండే. లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ పిన్ను మొదలంటా కోసేసి ఉంది. ఆ దారి మూసేస్తే కరెంటు తీగలు పట్టుకున్నవాడి ఒంట్లోంచి, మైక్‌కి తగిలిన నోట్లోంచి పోతుంది. లీకు తక్కువైతే పెదవి మీద కొరుకు, ఎక్కువైతే చావు.

"ఇది కోసింది దెయ్యమా?"

"రొద వస్తోందని వచ్చినవాళ్లంతా గొడవ చేస్తుంటే… పిన్ను తీసేస్తే తగ్గిందమ్మా…"

"మా అన్నకి తెలుసా?"

"అతనే కనిపెట్టాడు. పిన్ను వేయించమన్నాడు. వచ్చే వారం చూద్దామన్నాను… అంతలోనే అతను ఆ మైక్ ముందే పోయాడు. ఆ తర్వాత, మిగిలిన రొద కూడా ఎవరికీ వినబడకూడదని గేటు చివర్న పెట్టాను."

"పిన్ను కోసింది నువ్వు! చంపింది నువ్వు! తాగుబోతని పేరు పెట్టిందీ నువ్వే!" ఆ స్పాంజి గోడలు కూడా ఆ అరుపును మింగలేకపోయాయి. "రేపు ఆ కాలేజీ పిల్లల్ని కూడా ఇదే మైక్ ముందు నిలబెడతావా? తియ్యి ఫోను. మా నాన్నకి చెయ్యి. నీ నోటితోనే చెప్పు."

చేశాడు. "మీ అబ్బాయి… ఆ రోజు తాగలేదండీ. తప్పు నాది."

అవతల ముసలాయన గొంతు వినబడింది. "ఇంకోసారి చెప్పు."

చెప్పాడు. ఎనిమిదిసార్లు చెప్పించుకున్నాడట ఆ తండ్రి.

చెల్లెలు ఆ ప్లగ్గును వైరుతో సహా కత్తిరించి, అన్న ప్రాసెసర్‌తో పాటు సంచిలో వేసుకుంది. నేరుగా పోలీసు స్టేషన్‌కి వెళ్లింది. మూడో గదికి తాళం పడింది.

ఇదంతా విన్నాక నేను ఉండబట్టలేక అడిగాను. "మరి ఆ రాత్రి స్విచ్ నొక్కిందెవరమ్మా?"

ఆమె వెళ్లి ప్రాసెసర్ తెచ్చి నా ముందు పెట్టింది. ట్యూనర్ స్విచ్‌ను వేలితో నొక్కాను, కదల్లేదు. అరచేత్తో నొక్కాను, కదల్లేదు. లేచి నిలబడి, పాదం ఆనించి, బరువంతా మోపితే గాని…

టక్!