గాలి గది

మా ఆయన పేరు మల్లేశ్. పెళ్లయిన పదేళ్లలో ఆ పేరు ఒక్కసారి కూడా నా నోట రాలేదు. మొగుడి పేరు తీస్తే మా అత్త రత్నమ్మ ఇల్లు పీకి పందిరేసేది. అందుకని కూతురి పేరు కలిపి, "మానస నాయినా" అనే పిలిచేదాన్ని.

జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కంపెనీలో పని ఆయనది. పోయినేడు అది వదిలేసి కోహీర్ అవతల గుట్ట మీది మఠంలో చేరాడు. మన్ను, నీళ్లు, నిప్పు, గాలి... వాటి విద్యలు నేర్పుతారట అక్కడ. అల్లం చేనూ, ఎనిమిదేళ్ల పిల్లా నా నెత్తిన పడ్డాయి. మానసేమో నాయిన మీద బెంగతో అన్నం మానేసి పుల్లలా అయిపోయింది. అందుకే పోయిన నెల గుట్ట ఎక్కాను, ఆయన మీద ప్రేమ పొంగి కాదు.

పొద్దు వాలుతుండగా మఠం చేరాను. ఒక గదిలో మనుషులు మెడ దాకా మట్టిలో కూర్చుని ఉన్నారు. ఇంకో గదిలో ఒకాయన అరచేతిలో నిప్పులు పెట్టుకుని నిద్రపోతున్నాడు. తడిమట్టి వాసన, కాలిన వెంట్రుకల వాసన కలిసి వస్తుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఎవరూ తలెత్తి చూడలేదు.

మఠం పెద్ద విరూపాక్షయ్య నన్ను చివరి గదికి తీసుకుపోయాడు. రాతిలో తొలిచిన గది. ఒక్క కిటికీ కూడా లేదు. అయినా లోపల గాలి తిరుగుతోంది.

"మీ ఆయన గాలిల కలిసిండమ్మా," అన్నాడు గుసగుసగా. "లోపలికి పోయి పేరు పెట్టి పిలువు. ఒక్కసారే. ఆ పేరున్న మనిషిని గాలి పంపిస్తది. ఊపిరి మాత్రం అదే ఉంచుకుంటది."

"ఊపిరి లేకుంటే ఎట్ల బతుకుతడయ్యా?"

"తింటడు, తిరుగుతడు, మాట్లాడ్తడు."

ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం అంతకన్నా ఏం చేశాడు అనుకున్నాను. ఉంచుకోనీ, నాకేం! అంత కసి ఉండేది నాకు.

లోపల కటిక చీకటి. మెడ మీద చల్లగా తగిలింది. ఏడాది కోపమంతా గొంతులోకి వచ్చింది. నోరు తెరిచాను...

"మానస నాయినా!"

గాలి ఆగిపోయింది.

కొబ్బరినూనె వాసన వచ్చింది. నా నడుము దగ్గర ఎవరో ఊపిరి తీస్తున్నారు. చిన్న ఊపిరి... ఎగబోస్తూ... ఇంకోసారి...

మరి వినపడలేదు.

బయటికొచ్చేసరికి విరూపాక్షయ్య గోడ పట్టుకుని నిలబడ్డాడు. "పిల్ల పేరు ఎందుకు తీసినవ్ తల్లీ?" అన్నాడు. "గాలి విన్నది గా పేరే."

పడుతూ లేస్తూ గుట్ట దిగాను. ఇంటికొచ్చేసరికి మానస పీట మీద కూర్చుని అన్నం తింటోంది.

"పొద్దు గూకంగ జరసేపు కనవడలే సుష్మా, యాడికి పోయిందో," అంది అత్త సంతోషంగా. "వచ్చుడు వచ్చుడే అన్నం అడిగింది."

నేను పక్కన కూర్చుని, పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూశాను. చాలాసేపు పెట్టాను.

ఇప్పుడు మానస బడికి పోతోంది. ఎంత పరుగెత్తినా రొప్పదు. దవాఖానకు తీసుకుపోను. పోతే వాళ్లు ఏదో ఒకటి చెప్తారు, అది నేను వినలేను. ఈ నోటితో మొగుడి పేరు పలకలేకపోయిన నన్ను ఏం చేసినా పాపం లేదు.

నిన్న దాని పుట్టినరోజు. కేకు మీద కొవ్వొత్తి వెలిగించాను. బుగ్గలు పూరించి ఊదింది. మంట దాని వైపే వంగింది... పెదవుల దాకా వంగి, మెల్లగా నోట్లోకి పోయింది.

మూతి తుడుచుకుని నా వంక చూసింది.

"చప్పట్లు కొట్టవేందమ్మా?"