చూస్తున్నా

చెప్పుల దుకాణంలో అటక మీద పనిచేసేవాడికి లోకమంతా అడుగు వెడల్పు కన్నంలోంచి కనిపిస్తుంది.

హుబ్బళ్లి దుర్గదబైలు సందులో మా సావుకారు దుకాణం. కింద అమ్మకం, పైన సరుకు. అటక ఎత్తు నాలుగున్నర అడుగులు. నా ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు. ఏడాదంతా ఎవరికో దండం పెడుతున్నవాడిలా వంగే ఉన్నాను.

కింద అద్దాల అరలో ఎడమకాలివే పెడతారు. కుడికాలివి పైన డబ్బాల్లో ఉంటాయి. కింది నుంచి నంబరు అరిస్తే డబ్బా వెతికి కన్నంలోంచి జారవిడవాలి. ఇంతే ఉద్యోగం. మొదటిరోజే దీన్ని కూడా పాడుచేశాను. ఆడవాళ్ళ చెప్పులు అడిగితే రబ్బరు బూట్లు వదిలాను. అవి నేరుగా ఒక నడినెత్తి మీద పడ్డాయి.

"అమ్మో! ఎవరయ్యా పైన? కోతా?"

"కొత్తండీ."

"నేనూ అదే అడిగాను, కోతివా అని."

"కాదండీ, కొత్త. ఇవాళే చేరాను."

"ఓహో, కొత్త కోతివా!"

ఆమె పేరు కస్తూరి. కింద అమ్మకాలన్నీ ఆమెవే.

పైనుంచి నాకు తెలిసిన కస్తూరి అంటే ఒక పాపిట, ఒక కనకాంబరాల దండ, డబ్బా పట్టుకోవడానికి పైకెత్తిన రెండు చేతులు. కిందికి దిగినప్పుడైనా ముఖం చూడొచ్చు కదా అంటారు. దిగితే నా తల దానంతటదే వంగిపోయేది. పాదాలే చూసేవాణ్ణి. ఆమెది అయిదో నంబరు, బొటనవేలి కన్నా పక్కవేలు పొడుగు. ముక్కు ఎలా ఉంటుందంటే మాత్రం, ఒట్టు, చెప్పలేను.

సావుకారుది ఒకటే నియమం.

"ఒరే ఈరప్పా, అటక మీంచి ఏదైనా పడనీ, 'లేదు' అన్న మాట మాత్రం పడకూడదు. గిరాకీ లేచిపోతుంది."

సరుకు లేకపోతే "చూస్తున్నా" అనాలి. అది వినగానే కస్తూరికి అర్థమైపోతుంది. "పైన చూస్తున్నారమ్మా, ఈలోగా ఇవి వేసుకోండి" అంటూ ఇంకో జత తొడిగేస్తుంది.

మొదట్లో "ఈరప్పన్నా, ఆరు!" అని అరిచేది. మూడో నెలకల్లా పేరు చివర 'అన్న' ఊడిపోయింది. ఆ తర్వాత సాయంత్రాలు గిర్మిట్ మరమరాల పొట్లం, మిరపకాయ బజ్జీ తాడుకి కట్టి పైకి పంపడం మొదలుపెట్టింది. నేను తిన్నాను. తిని తాడు కిందికి వదిలాను. అంతకు మించి ఆలోచించే తెలివే ఉంటే అటక మీద ఎందుకుంటాను?

జూలైలో ఒక సోమవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. గిరాకీ లేదు. సావుకారు భోజనానికి వెళ్ళాడు. పాపిట వచ్చి కన్నం కింద నిలబడింది.

"ఈరప్పా."

"ఆఁ."

"గదగ్ నుంచి సంబంధం వచ్చింది. పంచాయితీ ఆఫీసులో గుమాస్తా. గురువారం చెప్పులు కొనే వంకతో నన్ను చూడ్డానికి వస్తారట."

"ఆఁ."

"ఆఁ ఏంటి? ఆయన కాలి కొలత కావాలా నీకు?"

రేకుల మీద వాన దరువేస్తోంది. ఆమె తల పైకెత్తబోయింది. నేను గబుక్కున డబ్బాల వెనక్కి తగ్గాను.

"ఒక్క మాట చెప్పు. పైన నాకోసం ఏమన్నా ఉందా?"

'ఏడాదిగా ఈ కన్నంలోంచి నిన్నే చూస్తున్నా' అనాలనుకున్నాను. ముందు మాటలన్నీ లోపలే ఇరుక్కున్నాయి. చివరిదొక్కటే బయటపడింది.

"చూస్తున్నా."

పాపిట కన్నం కింద నుంచి పక్కకి తప్పుకుంది.

"సరే. అర్థమైంది" అంది.

ఆ సాయంత్రం బజ్జీ రాలేదు. మర్నాడు పొద్దున్నే కింది నుంచి కేక వినిపించింది. "ఈరప్పన్నా, ఏడు!"

ఆ 'అన్న' చెవిన పడ్డాక గాని నేను ఏమన్నానో నాకు తెలియలేదు. మనసులో మాట చెప్పాననుకున్నాను. సరుకు లేదని చెప్పాను.

దిద్దుకోవడానికి రెండు రోజులున్నాయి. రెండు రోజులూ డబ్బాలు సర్దాను.

గురువారం తల్లీ కొడుకూ వచ్చారు. పైనుంచి చూస్తే గుమాస్తా అంటే నున్నగా దువ్విన జుట్టు, మధ్యలో రూపాయి బిళ్ళంత బట్టతల. అది చూసి నాకు కొంత ధైర్యం వచ్చిన మాట నిజం.

"మావాడికి తగినవి చూపించమ్మా. అన్నీ కుదిరితే ఇవాళే ఖాయం చేసుకుని వెళ్తాం" అంది తల్లి.

కస్తూరి పైకి అరిచింది. గొంతులో ఉసురు లేదు. "ఈరప్పన్నా, తొమ్మిది, నలుపు. ఉందా?"

ఉంది. నా చేతిలోనే ఉంది. వదిలితే ఆ రెండు చేతుల్లో పడుతుంది.

"లేదు!" అన్నాను.

"ఏరా, ఏమన్నావ్?" అని సావుకారు కేక పెట్టాడు.

"లేదు సావుకారూ. ఆయనకి ఇక్కడ ఏమీ లేదు. కస్తూరీ, మొన్న నువ్వడిగింది ఉంది. కోతివా అని నువ్వడిగిన రోజు నుంచీ ఉంది. చూస్తున్నా అంటే సరుకు లేదని కాదు. నిన్నే చూస్తున్నానని."

కస్తూరి చాచిన చేతులు దించి అంది.

"ఉంటే కిందికి రావాలి కదా. పైనే ఉండిపోతే ఎవరికి లాభం?"

నిచ్చెన ఉంది. ఆ సంగతి గుర్తురాలేదు. కన్నంలోకి కాళ్ళు పెట్టి దిగబోయి నడుం దగ్గర ఇరుక్కుపోయాను. హుబ్బళ్లిలో నా ప్రేమ బయటపడే వేళకి నా రెండు కాళ్ళూ గాల్లో వేలాడుతున్నాయి.

"ఎడమది ఎనిమిది, కుడిది తొమ్మిది" అన్నాడు గుమాస్తా, కింద నుంచి నా చెప్పుల అడుగున అంకెలు చదివి. ఎలుకలు కొరికిన జతల్లో మిగిలిన ఒంటికాలివి అవి. మంచివాడు, ఒక కాలు తనే పట్టుకుని లాగాడు. రెండోది సావుకారు పట్టుకున్నాడు. నేను బస్తాలా కిందపడ్డాను.

"పదరా, వేరే కొట్టు చూసుకుందాం" అని తల్లి కొడుకుని లాక్కుపోయింది.

సావుకారు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏడాదిలో వీడి నోట పది మాటలు వినలేదు. అన్నీ దాచి నా గిరాకీ మీద దించాడు. ఏం కస్తూరీ, వీణ్ణి పంపించెయ్యనా, మీ నాన్నతో మాట్లాడనా?"

"ముందు ఆ కాళ్ళకి జత కుదరనివ్వండి. తర్వాత మాట్లాడుదురుగాని."

అద్దాల అరలోంచి గోధుమరంగు ఎనిమిదో నంబరు తీసి నా ఎడమకాలి ముందు పెట్టింది. అలవాటుగా పైకి అరిచింది.

"ఈరప్పా, ఎనిమిది, కుడికాలు! ఉందా?"

పైన ఎవరూ లేరు. పేరు చివర 'అన్న' కూడా లేదు. నేను మెల్లగా తలెత్తాను. ముక్కు కొస మీద చిన్న పుట్టుమచ్చ.

"చూస్తున్నా" అన్నాను.